సిటీ బస్సుల రూట్లు, టైమింగులు ఎందుకు మారతాయి? మార్పు వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా: ట్రాఫిక్ పెరిగి ట్రిప్పు సమయం సాగిపోవడం, మెట్రో లాంటి కొత్త సదుపాయాలు రావడం, ఉన్న బస్సులతోనే మరింతమందిని చేర్చాలన్న ఒత్తిడి. రూట్ల మార్పు వెనుక తరచూ కనిపించే కారణాలివి. ఆ మార్పు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది రూటు మ్యాపు చూస్తే తేలదు. ఎన్ని నిమిషాలకో బస్సు ఉంది, రాత్రి ఎప్పటిదాకా ఉంది, బస్సు మారితే మళ్లీ టికెట్ కొనాలా అన్న ప్రశ్నల మీద అది ఆధారపడుతుంది. సియోల్, శాంటియాగో, ఆక్లండ్, హ్యూస్టన్ నగరాల అనుభవంలో కూడా ఇదే కనిపిస్తుంది.

కొత్త రూట్ల జాబితా బయటికి రాగానే జనం ముందుగా వెతుక్కునేది తమ బస్సు నంబరు. అది కనిపిస్తే ఊరట, లేకపోతే ఆందోళన. ఏళ్ల తరబడి ఒకే బస్సెక్కి ఉద్యోగానికో కాలేజీకో వెళ్లేవారి రోజంతా ఆ నంబరుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇది సహజం. అయితే నంబరు మిగిలినా బస్సు ఎవరికీ అక్కరకు రాకుండా పోవచ్చు. నంబరు పోయినా ప్రయాణం సులువు కావచ్చు. ఈ తికమక ఎక్కడ పుడుతుందో తెలియాలంటే బస్సులు నడిపే సంస్థ ముందుండే లెక్క నుంచి మొదలుపెట్టాలి.

ఎవరూ తీసేయకుండానే తగ్గిపోయే ట్రిప్పులు

ఒక రూటు మీద బస్సు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడానికి 45 నిమిషాలు, తిరిగి రావడానికి మరో 45 నిమిషాలు పడుతుందనుకుందాం. రెండు చివర్లా కలిపి 10 నిమిషాలు ఆగుతుంది. అంటే మొత్తం చుట్టు 100 నిమిషాలు. ఆ రూటులో 10 నిమిషాలకో బస్సు కావాలంటే 10 బస్సులు ఉండాలి. చుట్టుకు పట్టే సమయాన్ని బస్సుకూ బస్సుకూ మధ్య ఉండాల్సిన ఎడంతో భాగిస్తే వచ్చేదే బస్సుల సంఖ్య. సిటీ బస్సుల టైంటేబుల్ అంతా ఈ భాగహారం మీదే నిలబడి ఉంటుంది.

ఇప్పుడు ట్రాఫిక్ పెరిగి 45 నిమిషాల ట్రిప్పు 54 నిమిషాలు అయిందనుకోండి. చుట్టు 118 నిమిషాలకు చేరుతుంది. పాత ఎడం నిలబెట్టాలంటే 12 బస్సులు కావాలి. బస్సులు 10 మాత్రమే ఉంటే ఎడం దాదాపు 12 నిమిషాలవుతుంది. గంటకు ఆరు ట్రిప్పులు తిరిగే చోట ఐదే తిరుగుతాయి. ఎవరూ ఒక్క బస్సు కూడా తీసేయలేదు, ఒక్క డ్రైవరును కూడా తగ్గించలేదు. అయినా ఆరింట ఒక వంతు సర్వీసు పోయింది. ప్రయాణికుల కంటికి అది బస్సుల కోతగా కనిపిస్తుంది, సంస్థ పుస్తకాల్లో మాత్రం బస్సుల సంఖ్య మారదు. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఇక్కడ సంస్థకు ఉండే దారులు కొన్నే. బస్సులు కొనాలి, లేదా రూటును కుదించాలి, లేదా ఎడం పెంచాలి. బస్సులకు ప్రత్యేక లేన్ ఇచ్చి పాత వేగం తిరిగి తేవడం మరో దారి. అన్నిటికన్నా చవకైనది, కానీ రాజకీయంగా కష్టమైనది ఈ చివరిదే. ఎందుకంటే రోడ్డు బస్సు సంస్థ చేతిలో ఉండదు.

స్టాపులు తగ్గించడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బ్రేకు వేయడం, తలుపులు తెరిచి మూయడం, మళ్లీ వేగం అందుకోవడం కలిపి ఒక్కో స్టాపుకు 20 సెకన్లు పోతాయనుకుంటే, ఒక్కో వైపు 15 స్టాపులు తగ్గితే 5 నిమిషాలు, చుట్టు మొత్తానికి 10 నిమిషాలు మిగులుతాయి. 10 నిమిషాల ఎడం ఉన్న రూటులో అది సరిగ్గా ఒక బస్సుతో సమానం. కాకపోతే ఆ మిగులు మోకాళ్ల నొప్పులున్నవారు, వీల్‌చైర్ వాడేవారు, చంటిపిల్లలను ఎత్తుకుని వచ్చేవారు అదనంగా నడిచే దూరం నుంచి వస్తుంది. స్టాపులు తగ్గించే ప్రకటనలో ఈ సంగతి రాసి ఉండటం అరుదు.

బస్సులు గుంపుగా వస్తే

10 నిమిషాలకో బస్సు ఉంటే సగటున 5 నిమిషాలు ఎదురుచూస్తే చాలు అనిపిస్తుంది. బస్సులు కచ్చితంగా సమాన దూరంలో వస్తేనే ఆ మాట నిజం. ఒక బస్సు కాస్త ఆలస్యమైతే స్టాపులో జనం పోగవుతారు, వారు ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యమవుతుంది. వెనుక బస్సుకు జనం తక్కువ కాబట్టి అది వేగంగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. గంటకు ఆరు బస్సులే వస్తున్నా, వాటి మధ్య ఎడం 2 నిమిషాలు, 18 నిమిషాలు, మళ్లీ 2, మళ్లీ 18 అయితే ఏమవుతుంది? స్టాపుకు వచ్చేవారిలో 90 శాతం మంది 18 నిమిషాల ఖాళీలోనే వస్తారు. సగటు నిరీక్షణ 8 నిమిషాలు దాటుతుంది. పైగా ముందొచ్చిన బస్సులో కాలు పెట్టే చోటుండదు, వెనుకది ఖాళీగా పోతుంది.

చివరి స్టాపులో బస్సు ఆగే సమయానికి విలువ వచ్చేది ఇక్కడే. బయటినుంచి చూస్తే బస్సు ఊరికే నిలబడినట్టు ఉంటుంది. నిజానికి ఆలస్యమైన ట్రిప్పు ఆలస్యాన్ని తర్వాతి ట్రిప్పుకు అంటకుండా ఆపేది ఆ కొద్ది నిమిషాలే. డ్రైవరుకు మంచినీళ్లు తాగి ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా అదే. బస్సులు మిగుల్చుకోవడానికి చాలా సంస్థలు ముందుగా దీని మీదే కత్తి పెడతాయి. కాగితం మీద ఒక బస్సు మిగులుతుంది, రోడ్డు మీద సాయంత్రానికి టైంటేబుల్ మొత్తం చెదిరిపోతుంది. రెండు చిన్న రూట్లను కలిపి ఒకే పొడవాటి రూటు చేసినప్పుడూ ఇదే ప్రమాదం. ఒక కొసన పడిన ట్రాఫిక్ జామ్ ఇంకో కొసన నిలబడిన వారిని తాకుతుంది.

గుర్తుండే సమయాల మాట వేరే చెప్పుకోవాలి. ఎడం 10, 12, 15, 20, 30 నిమిషాలుగా ఉంటే ప్రతి గంటా అవే నిమిషాలకు బస్సు వస్తుంది. 17, 23 నిమిషాల లాంటి ఎడాలు ఎవరికీ గుర్తుండవు. స్విట్జర్లాండ్ రైల్వే 1982లో దేశమంతటా ఈ పద్ధతి తెచ్చింది. 2004 డిసెంబరులో మరో అడుగు ముందుకేసి, పెద్ద స్టేషన్లకు రైళ్లన్నీ ఇంచుమించు ఒకే సమయానికి చేరి, మారేవారు మారాక బయల్దేరేలా టైంటేబుల్ కట్టింది. జ్యూరిక్, బెర్న్ మధ్య ప్రయాణాన్ని గంట లోపుకు తేవడానికి అక్కడ కొత్త లైను వేశారు. వేగం కోసమే వేగం కాదు, గంటకొకసారి కలిసే ఆ లంకె తెగకుండా ఉండటం కోసం. నగర బస్సుల్లో, ముఖ్యంగా రాత్రివేళ అరగంటకో బస్సు ఉండే చోట, ఈ సూత్రం అంతే బాగా పనికొస్తుంది.

నేరుగా వెళ్లే బస్సా, మారి వెళ్లే బస్సా

రూట్ల పునర్వ్యవస్థీకరణలో అసలు వివాదమంతా ఇక్కడే ఉంటుంది. ఊరికి ఒక వైపు నాలుగు కాలనీలు, ఇంకో వైపు నాలుగు పనిచేసే చోట్లు ఉన్నాయనుకుందాం. ప్రతి కాలనీ నుంచి ప్రతి చోటికీ నేరుగా బస్సు కావాలంటే 16 రూట్లు కావాలి. ఒక్కో చుట్టుకు గంట పడుతుంది, ఉన్నవి 16 బస్సులు. అంటే రూటుకు ఒకటి, గంటకో బస్సు.

ఇప్పుడు అవే 16 బస్సులను నాలుగు రూట్లకు సర్ది, అన్నీ మధ్యలో ఒక కూడలిలో కలిసేలా చేస్తే రూటుకు నాలుగు బస్సులు వస్తాయి, 15 నిమిషాలకో బస్సు ఉంటుంది. మొదటి పద్ధతిలో సగటున 30 నిమిషాలు ఎదురుచూడాలి. రెండో దానిలో రెండుసార్లు ఏడున్నర నిమిషాల చొప్పున 15 నిమిషాలు, మారడానికి నాలుగడుగుల నడక. మొదటి పద్ధతిలో టైము చూసుకుని బయల్దేరతాం కదా, స్టాపులో అరగంట ఎవరు నిలబడతారు అనవచ్చు. నిజమే, కానీ ఆ నిరీక్షణ మాయం కాదు. పనికి అరగంట ముందే చేరడమో, పని అయిపోయాక ఆఫీసులోనే కూర్చోవడమో తప్పదు.

లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా బస్సు మారడం జనానికి ఇష్టముండదు. అది మొండితనమేమీ కాదు. బస్సులో కూర్చున్న నిమిషం కన్నా స్టాపులో నిలబడ్డ నిమిషం దాదాపు రెట్టింపు భారంగా అనిపిస్తుందని రవాణా ప్రణాళికల్లో సాధారణంగానే లెక్కవేస్తారు. ఎండలోనో వానలోనో, నీడ లేని చోట, చీకటిపడ్డాక ఒంటరిగా నిలబడాల్సి వస్తే ఆ భారం ఇంకా పెరుగుతుంది. రెండో బస్సుకు కొత్తగా టికెట్ కొనాల్సి వస్తే సమయంలో కలిసొచ్చింది డబ్బులో పోతుంది. అందుకే మారే పద్ధతి గెలవాలంటే నాలుగు కావాలి: తరచుగా బస్సులు, ఒకే టికెట్, నీడా వెలుతురూ ఉన్న కూడలి, రద్దీలోనూ ఆగకుండా కదిలే దారి. వీటిలో ఒకటి లోపించినా 15 నిమిషాల లాభం కాగితం మీదే ఉండిపోతుంది.

చేసి చూసిన నగరాలు

సియోల్ 2004 జులై 1న బస్సు వ్యవస్థనంతా ఒక్కసారిగా మార్చేసింది. అప్పటిదాకా ప్రైవేటు బస్సు కంపెనీలు లాభమొచ్చే రూట్ల కోసం పోటీపడేవి, లాభం లేని చోట్లను గాలికొదిలేసేవి. మార్పు తర్వాత రూట్ల మీద నిర్ణయం నగర ప్రభుత్వం చేతికి వచ్చింది, కంపెనీలకు ఎక్కిన జనాన్ని బట్టి కాకుండా తిరిగిన కిలోమీటర్లను బట్టి చెల్లింపు మొదలైంది. బస్సులకు నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు రంగులిచ్చారు. నీలం ప్రధాన మార్గాలకు, ఆకుపచ్చ సబ్‌వే స్టేషన్లకు చేర్చే ఫీడర్లకు, ఎరుపు శివార్ల ఎక్స్‌ప్రెస్‌లకు, పసుపు నగర కేంద్రంలో చుట్టు తిరిగేవాటికి. బస్సు మారినా, సబ్‌వే ఎక్కినా మొత్తం దూరాన్ని బట్టి ఒకే చార్జీ. రోడ్ల నడిమధ్య బస్సు లేన్లు వేశారు.

మొదటి రోజుల్లో కార్డు యంత్రాలు మొరాయించాయి. కొత్త నంబర్లు అర్థంకాక జనం అవస్థపడ్డారు. నగర మేయర్ లీ మ్యుంగ్ బాక్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. కానీ మార్పుకు ఆధారమైన లేన్లు, చార్జీ విధానం, చెల్లింపు పద్ధతి అప్పటికే నిలబడి ఉన్నాయి కాబట్టి వ్యవస్థ త్వరగా కుదుటపడింది. బస్సు వేగం, ప్రయాణికుల సంఖ్య పెరిగాయి. దానికి మూల్యంగా నగర ఖజానా నుంచి కంపెనీలకు ఇచ్చే సొమ్ము కూడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది.

చిలీ రాజధాని శాంటియాగోలో 2007 ఫిబ్రవరి 10న జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. పాత పసుపు బస్సులు ఊరంతా పొడవాటి రూట్లలో తిరిగేవి, ప్రయాణికుల కోసం రోడ్డు మీదే ఒకదానితో ఒకటి పోటీపడేవి, పొగ, ప్రమాదాలు ఎక్కువ. వాటి స్థానంలో ప్రధాన మార్గాలు, ఫీడర్లు, మెట్రో కలిసిన కొత్త వ్యవస్థ ట్రాన్శాంటియాగో వచ్చింది. బొమ్మ గీసి చూస్తే సియోల్ ఆలోచనే. ఒకే కార్డు మీద బస్సు మారే వీలు ఇక్కడా ఉంది. అయితే బస్సుల సంఖ్య పాతదానికన్నా బాగా తగ్గించారు, తగ్గిన బస్సులు వేగంగా తిరగడానికి కావాల్సిన లేన్లు చాలావరకు వేయనే లేదు. బస్సులు ఎక్కడున్నాయో చూపాల్సిన నియంత్రణ వ్యవస్థ సిద్ధం కాలేదు. కంపెనీలకు ఆదాయంలో పెద్ద భాగం హామీగా ఉండటంతో బస్సులు తీయకపోయినా పెద్దగా నష్టం లేదు.

మార్పు మొదలైంది చిలీలో వేసవి సెలవుల కాలంలో. మార్చిలో స్కూళ్లు తెరిచాక అసలు గండం బయటపడింది. బస్సులు దొరకని జనమంతా మెట్రో మీద పడ్డారు, మెట్రో రద్దీ దాదాపు రెట్టింపయింది. అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ దేశానికి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ప్రభుత్వ సాయం లేకుండా నడుస్తుందనుకున్న వ్యవస్థకు 2009లో చట్టం చేసి శాశ్వత సబ్సిడీ ఇవ్వాల్సి వచ్చింది. పైన చెప్పిన భాగహారానికి వస్తే, చుట్టు సమయం తగ్గుతుందని నమ్మి బస్సులు తగ్గించారు. సమయం తగ్గలేదు, బస్సులు మాత్రం తగ్గిపోయాయి.

ఆక్లండ్ ఈ వరుసను జాగ్రత్తగా పేర్చుకుంది. బస్సు మారినా ఒకే చార్జీ పడే విధానాన్ని 2016 ఆగస్టులో తెచ్చింది. ఆ తర్వాతే, అక్టోబరు చివర్లో, నగర దక్షిణ భాగంలో కొత్త రూట్లు మొదలుపెట్టి 2018 దాకా ఒక్కో ప్రాంతాన్నీ మారుస్తూ వచ్చింది. బార్సిలోనా కూడా అంతే. నిలువు, అడ్డ, ఏటవాలు గీతల్లా ఉండే 28 లైన్ల కొత్త వలను 2012 నుంచి 2018 వరకు విడతలవారీగా అల్లింది. హ్యూస్టన్ మాత్రం 2015 ఆగస్టు 16న ఒక్క రాత్రిలో మార్చింది. విడతలవారీ పద్ధతిలో పాత, కొత్త రూట్లు కొంతకాలం పొంతన లేకుండా కలిసి నడుస్తాయి, ఒక్కసారి మారిస్తే తప్పు దొర్లినప్పుడు నగరమంతా ఇబ్బందిపడుతుంది. ఏ పద్ధతి మేలన్న దానికి ఒకే జవాబు లేదు. కానీ చార్జీలూ లేన్లూ ముందు, రూట్లు తర్వాత అన్న వరుస తప్పితే ఏ పద్ధతీ కాపాడలేదు.

మెట్రో వచ్చాక బస్సు ఎందుకు పోతుంది

మెట్రో లైను పక్కనే సమాంతరంగా నడిచే బస్సులను సంస్థలు మొదట గురిపెడతాయి. ఒకే దారిలో రెండింటికీ ఖర్చు దేనికి, ఆ బస్సులను మెట్రో అందని చోట్లకు ఫీడర్లుగా పంపితే మేలు కదా అన్నది వాదన. అందులో బలం ఉంది. అయితే మెట్రో స్టేషన్ల మధ్య దూరం బస్సు స్టాపుల మధ్య కన్నా చాలా ఎక్కువ. ఆ రూటులో రెండు మూడు స్టాపుల దూరమే ప్రయాణించేవారికి, మెట్లు ఎక్కలేనివారికి మెట్రో ప్రత్యామ్నాయం కాదు. మెట్రో చార్జీ బస్సు చార్జీ కన్నా ఎక్కువగా ఉండి రెండింటికీ ఉమ్మడి టికెట్ లేకపోతే అల్పాదాయ వర్గాలకు అది నేరుగా జేబుకు చిల్లు.

సింగపూర్‌లో 2023 చివర్లో థామ్సన్–ఈస్ట్ కోస్ట్ మెట్రో లైనుకు దగ్గరగా నడిచే 167 నంబరు బస్సును ఎత్తివేస్తామని రవాణా అధికారులు ప్రకటించారు. జనం గట్టిగా అభ్యంతరం చెప్పడంతో దాన్ని కొనసాగించారు. కాకపోతే అరగంటకో బస్సుగా. నేరుగా వెళ్లే దారి లేక ఇబ్బందిపడే వృద్ధులకు ఇది నిజమైన ఊరట. రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి అరగంటకో బస్సు మీద ఆధారపడటం కష్టం. నంబరు, రూటు నిలిచినా సర్వీసు స్వభావం మారిపోవడమంటే ఇదే.

కోత ఎందుకు ఊరిస్తుంది

బస్సు సర్వీసు 10 శాతం పెరిగితే ప్రయాణికులు స్వల్పకాలంలో సుమారు 5 శాతమే పెరుగుతారన్నది రవాణా అధ్యయనాల్లో విస్తృతంగా వాడే అంచనా. అంటే సర్వీసు పెంచిన కొత్తలో ఒక్కో ప్రయాణికుడి మీద ఖర్చు పెరుగుతుంది. అదే 10 శాతం కోస్తే 5 శాతం ప్రయాణికులే పోతారు, ఆ సంవత్సరం లెక్కలు మెరుగ్గా కనిపిస్తాయి. కోతకు బహుమతి వెంటనే దొరుకుతుంది, శిక్ష ఆలస్యంగా వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్రభావం పెరుగుతుంది. బస్సు దొరకక టూవీలర్ కొన్నవారు మళ్లీ బస్సెక్కడం అరుదు, వారి బండ్లు ట్రాఫిక్‌ను పెంచుతాయి, ట్రాఫిక్ వల్ల చుట్టు సమయం సాగుతుంది, మళ్లీ ట్రిప్పులు తగ్గుతాయి. దీనికి ఎదురు దిశలో జరిగేదాన్ని అర్థశాస్త్రవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లో వివరించారు. ప్రయాణికులు పెరిగేకొద్దీ బస్సులు పెంచడం సాధ్యమవుతుంది, కొత్తగా ఎక్కినవారి వల్ల పాతవారి నిరీక్షణ కూడా తగ్గుతుంది. బస్సులకు ప్రజాధనం ఇవ్వడాన్ని సమర్థించే బలమైన వాదనల్లో ఇదొకటి.

మధ్యాహ్నం ట్రిప్పుల కోత విషయంలో ఇంకో మెలిక ఉంది. సంస్థ కొనాల్సిన బస్సుల సంఖ్యను తేల్చేది ఉదయం, సాయంత్రం రద్దీ వేళలు. మధ్యాహ్నం బస్సు తీయకపోతే డీజిలో కరెంటో మిగులుతుంది కానీ బస్సు ఖరీదు మిగలదు, అది డిపోలో నిలబడే ఉంటుంది. సగం నిండిన మధ్యాహ్నం బస్సు వృథాగా కనిపించినా దాన్ని ఆపితే మిగిలేది అనుకున్నంత ఉండదు.

ఎక్కినవారే లెక్కలోకి వస్తారు

కొత్త రూట్లను ఇప్పుడు ఎక్కువగా కార్డులు, టికెట్ యంత్రాల సమాచారం ఆధారంగా వేస్తున్నారు. ఊహల మీద వేయడం కన్నా ఇది ఎంతో నయం. కానీ ఆ సమాచారంలో కనిపించేది బస్సెక్కినవారు మాత్రమే. బస్సు లేక షేర్ ఆటోలో వెళ్లినవారు, నడిచినవారు, రాత్రి తిరిగొచ్చే బస్సు లేదని ఉద్యోగమే వద్దనుకున్నవారు అందులో ఉండరు. పిల్లలను స్కూల్లో దించి, ఆసుపత్రికి వెళ్లి, సరుకులు తెచ్చుకునే ప్రయాణాలు చిన్నవి, విడివిడివి, రద్దీ లేని వేళల్లో జరిగేవి. ఇవి ఎక్కువగా స్త్రీలు చేసేవి. రద్దీ వేళల పొడవాటి ప్రయాణాల చుట్టూ రూట్లు అల్లితే మొదట జారిపోయేవి ఇవే.

ఎక్కువమందిని ఎక్కించడం ఒక లక్ష్యం. ప్రతి కాలనీకీ ఎంతో కొంత సర్వీసు ఉంచడం ఇంకో లక్ష్యం. ఒకే బడ్జెట్‌లో ఈ రెండూ ఒకదాన్నొకటి తింటాయి. హ్యూస్టన్ రవాణా సంస్థ ఈ విషయాన్ని దాచకుండా ముందుగానే విధానంగా తేల్చుకుంది: వనరుల్లో 80 శాతం జనం ఎక్కువగా ఎక్కే సర్వీసులకు, 20 శాతం జనం తక్కువున్నా అవసరమైన చోట్లకు. ఆ నిష్పత్తి ప్రతి నగరానికీ సరిపోకపోవచ్చు. కానీ అంకె బహిరంగంగా ఉంటే ఎవరి బస్సు ఎందుకు తగ్గిందో అడగడానికి పట్టు దొరుకుతుంది. హ్యూస్టన్‌లో తరచుగా నడిచే రూట్లను వారంలో ఏడు రోజులూ అదే స్థాయిలో నడిపారు, దాంతో శని, ఆదివారాల్లో ప్రయాణాలు బాగా పెరిగాయి. హోటళ్లు, దుకాణాలు, ఆసుపత్రుల్లో పనిచేసేవారికి ఆదివారం సెలవు కాదు కదా.

రూట్ల మార్పులో లాభం చాలామందికి తలా కొంచెం పంచబడుతుంది, నష్టం మాత్రం కొద్దిమంది మీద మొత్తంగా పడుతుంది. లక్షమందికి రోజుకు నాలుగు నిమిషాలు కలిసిరావచ్చు. వెయ్యిమందికి బస్సే లేకుండా పోవచ్చు. సగటు తీస్తే ఆ వెయ్యిమంది కనిపించరు. నష్టపోయేవారి వివరాలను విడిగా చెప్పని నివేదికను పూర్తి నివేదికగా ఒప్పుకోకూడదు.

ప్రకటనలో చూడాల్సినవి

మార్పు ప్రకటన వచ్చినప్పుడు నంబర్ల జాబితా తర్వాత వెంటనే చూడాల్సింది మొదటి బస్సు, చివరి బస్సు సమయాలు. చివరి బస్సు రాత్రి 10:30 నుంచి 9:30కి జరిగితే పోయేది ఒక్క ట్రిప్పే కాదు. సాయంత్రం షిఫ్టు వారు ఉదయం బస్సు ఎక్కడం కూడా మానేస్తారు, రానూ పోనూ దారి ఉంటేనే బస్సు పనికొస్తుంది కాబట్టి. తర్వాత ఎడం. అది రద్దీ వేళల్లో ఎంత, మధ్యాహ్నం ఎంత, ఆదివారం ఎంత అని మూడుగా విడదీసి చూడాలి, సగటు చెబితే సరిపోదు. బస్సు మారాల్సి వస్తే పాసు, టికెట్ చెల్లుతాయా, మారే చోట రోడ్డు దాటాలా అన్నవి ఆ తర్వాత. రూటును పొడిగిస్తున్నారంటే దానికి అదనపు బస్సులు ఇచ్చారా అని అడగాలి. బస్సులు పెరగకుండా రూటు పొడవు పెరిగితే ఎడం పెరిగినట్టే.

ఫలితాన్ని ఎప్పుడు తూచాలన్నది కూడా ముఖ్యం. కొత్త రూటు జనానికి అలవాటై, అద్దె ఇళ్లు, ఉద్యోగాలు, స్కూళ్ల ఎంపికలో దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి ఏడాదికి పైనే పడుతుంది. మూడు నెలల్లో జనం లేరని రూటు ఎత్తేయడం తొందరపాటు. అలాగని శాంటియాగోలో మార్చి నెల చూపించినట్టు, బస్సులు చాలకపోతే అది వారాల్లోనే తేలిపోతుంది, దానికి ఏడాది గడువు అడగడం తప్పు. స్టాపులో ఎక్కలేక మిగిలిపోయినవారు ఎందరు, ప్రకటించిన ట్రిప్పుల్లో నడిచినవి ఎన్ని, ఎడం ఎంత నిలకడగా ఉంది అన్న అంకెలను రూటువారీగా నెలనెలా బయటపెడితే, ఓపిక పట్టాల్సిన రూటేదో వెంటనే సరిదిద్దాల్సిన రూటేదో విడివిడిగా తెలుస్తుంది.